ఫోన్ పక్కన బొమ్మల అట్ట

సందేహం: అక్కా, పార్వతీపురం నుంచి రాయగడ వచ్చి నాలుగు నెలలైంది. బాబుకి మూడున్నరేళ్ళు, ఇంకా మాటలు రాలేదు. ఫోన్ చూస్తేనే కుదురుగా కూర్చుంటాడు. బొమ్మలు చూపించి మాట్లాడమని స్పీచ్ థెరపిస్ట్ చెప్పారు. ఇంట్లో తెలుగు, అంగన్‌వాడీలో ఒడియా. ఏ భాషలో మొదలుపెట్టాలి? ఎప్పుడు చేయాలి?

చెల్లీ, తెలుగులోనే మొదలుపెట్టు. కోపం వచ్చినా ముద్దొచ్చినా నీ నోట వచ్చేది తెలుగే కదా. బొమ్మ కింద తెలుగు మాట రాసి, దాని కింద ఒడియాలో కూడా రాయించు, అంగన్‌వాడీ దీదీ కూడా వాడుతుంది.

మా వాడికి ఇప్పుడు పన్నెండేళ్ళు. చిన్నప్పుడు ఒక డాక్టరుగారు, బొమ్మలు అలవాటైతే ఇక నోరు తెరవడు అన్నారు. ఆ మాట నమ్మి ఏడాది పోగొట్టుకున్నాం. ఇప్పటికీ తలచుకుంటే కడుపు తరుక్కుపోతుంది. బొమ్మల వల్ల మాట రావడం ఆగదమ్మా. నువ్వు మాత్రం ఆ టెన్షన్ పెట్టుకోకు.

ఎప్పుడు అంటావా? వాడు ఫోన్ చూసేటప్పుడే. వాడి మనసు అక్కడే ఉంటుంది మరి. ఒక అట్ట మీద ఆరు బొమ్మలు చాలు: ఇంకా, ఆపు, చూడు, వద్దు, అయిపోయింది, కోపం. కుక్క, పువ్వు లాంటివి తర్వాత చూద్దువుగాని. ఈ ఆరూ ఏ వీడియోకైనా, అన్నం దగ్గరైనా, స్నానం దగ్గరైనా పనికొస్తాయి. స్పెయిన్‌లోని ఆరగాన్ ప్రభుత్వం ఆరసాక్ (ARASAAC) పేరుతో ఇలాంటి బొమ్మలు ఇంటర్నెట్‌లో ఉచితంగా ఇస్తోంది. ప్రింట్ తీసి జిరాక్స్ షాపులో లామినేషన్ చేయించు. ఏ బొమ్మ ఎక్కడుందో అక్కడే ఉండాలి, చోటు మార్చకు.

అందరం చేసే తప్పు ఒకటుంది. వీడియో ఆపేసి, "బొమ్మ చూపిస్తేనే పెడతా" అంటాం. అలా చేస్తే వాడికది పరీక్ష అయిపోతుంది. వాడిని అడగకు, నువ్వే చూపించు. మా వాడికి రైలు వీడియోలంటే ప్రాణం. రైలు వంతెన ఎక్కగానే "చూడు" మీద వేలు పెట్టి "చూడు, రైలు!" అనేదాన్ని. వీడియో అయిపోతే "అయిపోయింది" మీద, మళ్ళీ పెట్టే ముందు "ఇంకా" మీద. ఆ తర్వాత మనసులో పది లెక్కపెట్టి ఊరుకునేదాన్ని. రెండు నెలలు వాడు అట్ట వైపే చూడలేదు. ఒక సాయంత్రం నా వేలు పట్టుకుని లాగి "ఇంకా" మీద పెట్టాడు. అది నా వేలే, కానీ చెప్పింది వాడు.

బొమ్మ నొక్కితే మాట పలికే యాప్‌లూ ఉన్నాయి. ఐఐటీ బాంబేలో తయారైన జెల్లో ఉచితం, చెన్నైలో పుట్టిన అవాజ్ కూడా ఉంది. ఏ భాషలు ఉన్నాయో చూసుకుని ఎంచుకో. కాకపోతే మాటల యాప్, వీడియోలు ఒకే ఫోన్‌లో పెట్టకు. వీడియోలు చాలని ఫోన్ లాక్కున్నప్పుడల్లా వాడి నోరు కూడా లాక్కున్నట్టే అవుతుంది. పాత ఫోన్ ఉంటే అందులో యాప్ ఒక్కటే వేసి, వాడు వేరేదాంట్లోకి వెళ్ళకుండా పిన్ చేసి పెట్టు.

వాడి వయసు పిల్లలు ఫోన్, టీవీ చూడటం రోజుకి గంట దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. ఆ గంటలో పావుగంట నువ్వు పక్కన కూర్చున్నా చాలు.

చెవి పరీక్ష చేయించకపోయి ఉంటే ముందు ఆ పని చూడు. పిల్లలకి ఆరోగ్య పరీక్షలు చేసే ప్రభుత్వ ఆర్.బి.ఎస్.కె. బృందం అంగన్‌వాడీకి వస్తుంది, 18 ఏళ్ళ లోపు పిల్లలకి ఉచితం. సికింద్రాబాద్ వెళ్ళే వీలుంటే అక్కడ మేధో వైకల్యం ఉన్నవాళ్ళ కోసం పనిచేసే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎన్.ఐ.ఈ.పి.ఐ.డి. ఉంది, తెలుగులోనే మాట్లాడుకోవచ్చు.

ఫోన్ కట్టేసే వేళకి వాడు "ఇంకా" చూపిస్తే విననట్టు ఉండకు. "ఇంకా కావాలి, తెలుసు నాన్నా. కానీ అయిపోయింది" అని రెండు బొమ్మలూ చూపించి, అప్పుడు కట్టెయ్. మా వాడు మొదట్లో ఫోన్ గోడకేసి కొట్టేవాడు. తర్వాత ఒకరోజు ఏడుస్తూనే అట్ట తెచ్చి, "కోపం" మీద వేలు పెట్టి నా ముఖంలోకి చూశాడు. వాణ్ణి ఒళ్ళోకి తీసుకుని, "అవును నాన్నా, కోపం" అని నేనూ అదే బొమ్మ మీద వేలు పెట్టాను.