మూడింటిలో ఒక్క ప్లగ్గే నల్లబడితే

ప్రశ్న: మాది మూడు సిలిండర్ల పెట్రోలు కారు, 64,000 కిలోమీటర్లు తిరిగింది. ఉదయం స్టార్ట్ చేయగానే ఇంజిన్ మిస్సింగ్ ఇస్తూ వణుకుతోంది. మెకానిక్ ప్లగ్గులు ఊడదీసి, గరుకు కాగితంతో రుద్ది బిగించారు. నాలుగు రోజులకు మళ్లీ అదే తంతు. ఒక ప్లగ్గు మాత్రం నల్లగా, జిడ్డుగా ఉందన్నారు. మూడూ మారిస్తే సరిపోతుందా?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: మామూలు నికెల్ ప్లగ్గులైతే 30 నుంచి 40 వేల కిలోమీటర్లకే మార్చడం మంచిది కనుక, మీరు మూడూ మార్చవలసిందే. అయితే జబ్బు అంతటితో తీరుతుందని అనుకోవద్దు. ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోయి పెట్రోలు వాటా ఎక్కువైతే మూడు ప్లగ్గులకూ పొడి మసి పడుతుంది. ఒక్కదానికే జిడ్డు అంటిందంటే ఆ సిలిండర్‌లోకి ఇంజిన్ ఆయిల్ దిగుతోందని అనుమానించాలి. ఆ జిడ్డు మాడి పింగాణీ మీద పొరగా పేరుకున్నప్పుడు, విద్యుత్తు ప్లగ్గు కొన వద్ద ఉండే సన్నని ఖాళీని, అంటే గ్యాప్‌ను, దాటి నిప్పురవ్వ కాకుండా ఆ పొర వెంటే జారిపోతుంది. మిస్సింగ్‌కు మూలం అదే.

ఇంజిన్ పూర్తిగా చల్లారాక, ప్లగ్గు గుంతలోని దుమ్మును గాలితో ఊదించి, ప్లగ్గులను ఊడదీసి సిలిండర్ల వరుసలోనే గుడ్డ మీద పేర్చండి. ఆరోగ్యంగా ఉన్న ప్లగ్గు కొన లేత గోధుమ లేదా బూడిద రంగులో ఉంటుంది. తెల్లబడి పొక్కులు లేచి ఉంటే విపరీతమైన వేడి తగిలినట్లు. జిడ్డు ఎక్కడుందో కూడా చూడాలి. అది పై భాగంలో, గుంతలోనే ఉంటే వాల్వ్ కవర్ వద్ద ఉండే సీలు పోయినట్లు, అది చిన్న పని. కొన మీదే ఉంటే, సిలిండర్‌లోకి ఆయిల్ దిగకుండా ఆపే వాల్వ్ సీళ్లో, పిస్టన్ రింగులో అరిగి ఉండవచ్చు. రాత్రంతా నిలిపిన కారు ఉదయం మొదటిసారి నీలిపొగ వదిలి ఆ తరువాత తేరుకుంటే, నా అనుమానం వాల్వ్ సీళ్ల మీదనే. సిలిండర్‌లో ఒత్తిడిని కొలిచే కంప్రెషన్ పరీక్ష చేయించి, రింగులు అరిగాయో లేదో తేల్చుకోండి. జిడ్డు కాక పెట్రోలు వాసనతో తడి కనిపిస్తే మాత్రం, ఆ సిలిండర్ ప్లగ్గుకు విద్యుత్తు అందించే కాయిల్‌ను పక్కదానితో మార్చి చూడండి. మిస్సింగ్ కూడా పక్కకు వెళ్లిందంటే కాయిల్ పోయినట్లే.

గరుకు కాగితం ఇకమీదట వద్దు, ఆ రేణువులు పింగాణీ చుట్టూ ఇరుక్కుంటాయి. ఇరిడియం ప్లగ్గులనైతే సన్నని కొన విరుగుతుంది కనుక తీగ బ్రష్‌తో అసలు తాకకూడదు. గ్యాప్‌ను ఫీలర్ గేజ్‌తో (సందులను కొలిచే సన్నని రేకులతో) కొలిచి, కారుతో ఇచ్చిన పుస్తకంలోని అంకెతో సరిచూడండి. చాలా కార్లకు అది 0.8 నుంచి 1.1 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది.

బిగించేటప్పుడు తొందర వద్దు. ప్లగ్గు తలకు రబ్బరు గొట్టం ముక్క తొడిగి చేత్తో తిప్పితే, మర తప్పిన వెంటనే గొట్టం జారి మనకు తెలిసిపోతుంది. అల్యూమినియం హెడ్‌లో మర పాడైతే ఖర్చు చాలా పెద్దది. వాషర్ ఉన్న కొత్త ప్లగ్గును చేతితో ఆనేదాకా తిప్పి, ఆపై పానాతో అర చుట్టుకు కాస్త పైన ఆపండి. వెయ్యి కిలోమీటర్లు తిరిగాక ఆ సిలిండర్ ప్లగ్గును మరొకసారి తీసి చూడండి. మళ్లీ జిడ్డు అంటితే సీళ్లు మార్పించే పని ఆలస్యం చేయవద్దు.