ఖాళీ స్థలంలో అందరి తోట: నోటిమాట సరిపోతుందా?

ప్రశ్న: మా వీధి చివర ఏళ్లుగా చెత్త పడుతున్న ఖాళీ స్థలం ఉంది. వేరే ఊళ్లో ఉండే యజమానికి ఫోన్ చేస్తే, ‘బాగుచేసుకుని మొక్కలు పెంచుకోండి’ అన్నారు. పన్నెండు కుటుంబాలం కలిసి కూరగాయల తోట వేద్దామనుకుంటున్నాం. రేపు ఆయన ఖాళీ చేయమంటే? సంఘం రిజిస్టర్ చేయించాలా?

జవాబు: చాలా మంచి పని తలపెట్టారు. పార పట్టే ముందు ఈసీ (స్థలంపై జరిగిన లావాదేవీలు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీయించి, లేఅవుట్ ప్లాన్ కూడా చూడండి. అది పార్కు కోసం వదిలిన స్థలమైతే అనుమతి ఇవ్వాల్సింది ఆయన కాదు, మున్సిపాలిటీ లేదా పంచాయతీ.

స్థలం ఆయనదే అయితే, ఫోన్‌లో ఆయన ఇచ్చిన మాటను 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం ‘లైసెన్సు’ అంటుంది. అంటే వాడుకునే అనుమతే తప్ప స్థలం మీద హక్కు కాదు. నోటిమాటగా ఇచ్చినా చెల్లుతుంది, కానీ మామూలుగా ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చు. అప్పుడు మీ సామాన్లు తీసుకుని ఖాళీ చేయడానికి తగినంత గడువు ఇవ్వాలని 63వ సెక్షన్ చెబుతుంది. ఆ గడువెంతో కాగితం మీద లేకపోతే, మొక్కలు పిందె మీదున్నప్పుడు గొడవ మొదలవుతుంది. అందుకే ‘వేసిన పంట చేతికొచ్చేదాకా’ అని రాయించుకోండి. ఇంకో ప్రమాదం ఉంది. ఆయన స్థలం అమ్మేస్తే, 59వ సెక్షన్ ప్రకారం కొన్నవారు ఈ అనుమతికి కట్టుబడనక్కర్లేదు. అమ్మే ముందు మీకు చెప్పాలన్న షరతు తప్పక పెట్టించండి.

కాగితం అనగానే యజమానులు భయపడతారు. పన్నెండేళ్లు దాటితే స్థలం పోతుందని వాళ్ల బెంగ. ఆయనకు ఓపిగ్గా చెప్పండి: అనుమతితో ఉన్నంతకాలం అది ప్రతికూల స్వాధీనం (యజమాని హక్కును కాదని పన్నెండేళ్లు ఆక్రమించి ఉండటం) కాదు. ‘యజమాని అనుమతితోనే వాడుకుంటున్నాం, స్థలంపై మాకు ఏ హక్కూ లేదు’ అని మీ సంతకాలతో ఉన్న కాగితమే ఆయనకు రక్ష.

బోరు, గోడ లాంటి శాశ్వత పనులు ఆయన రాతపూర్వక అనుమతి లేకుండా చేయకండి. అనుమతిని నమ్ముకుని అలాంటి పని సొంత ఖర్చుతో చేస్తే, 60వ సెక్షన్ కింద ఆ లైసెన్సును రద్దు చేయడం యజమానికి కష్టం. మీకు లాభమేగా అనిపించవచ్చు. కానీ ఆయన వెనకడుగు వేసేది సరిగ్గా ఇక్కడే.

గేటు తాళంచెవి ఒకటి ఆయన దగ్గరే ఉంచండి. చిన్న విషయం కాదిది. కాగితం మీద ‘లైసెన్సు’ అని రాసినా, స్థలం పూర్తిగా మీ అధీనంలో ఉంటే కోర్టు దాన్ని లీజుగా, అంటే స్థలం మీద మీకు హక్కు ఇచ్చిన ఒప్పందంగా, చూసే అవకాశం ఉంది. పేరు కాదు, అసలు ఉద్దేశం చూడాలని సుప్రీంకోర్టు 1959లోనే చెప్పింది. లీజే కావాలనుకుంటే, ఆ పత్రాన్ని రిజిస్టర్ చేయించాల్సిందే.

సంఘం ఇప్పుడే తప్పనిసరి కాదు. విరాళాలు తీసుకుని సంఘం పేర బ్యాంకు ఖాతా తెరవాలనుకున్నప్పుడు 2001 నాటి సొసైటీల చట్టం కింద రిజిస్టర్ చేయించండి, ఏడుగురు సభ్యులుంటే చాలు. అప్పటిదాకా ఎవరి మడి ఏది, నీళ్ల బిల్లు ఎవరెంత కట్టాలి అనేది ఒక పుస్తకంలో రాసి అందరూ సంతకాలు పెట్టండి.