ఫోల్డరు సైజు అడిగితే 4096 అంటోంది

ప్రశ్న: తెనాలిలో ఫోటో స్టూడియో నడుపుతున్నాను. పెళ్ళి ఆర్డర్లు 64 జీబీ పెన్‌డ్రైవ్‌లో ఇస్తుంటాను. ఏ ఫోల్డరు అందులో పడుతుందో ముందే చూసుకుందామని పైథాన్‌లో ఓఎస్.పాత్.గెట్‌సైజ్‌కు ఫోల్డరు పేరిచ్చాను. నాది లినక్స్ కంప్యూటర్. ఏ పెళ్ళి ఫోల్డరుకైనా 4096 అనే వస్తోంది. ఎందుకు?
- ఒక పాఠకుడు

జవాబు: కోడ్ అబద్ధమాడటం లేదండీ. లినక్స్‌లో ఫోల్డరంటే లోపలున్న వాటి పేర్ల జాబితా. ఆ జాబితాకు డిస్కు మీద 4096 బైట్ల బ్లాకు ఒకటి సరిపోయింది, ఆ సంఖ్యే మీకు చూపించింది. చదివింపుల పుస్తకాన్ని తక్కెడలో పెట్టి డబ్బెంత వచ్చిందో చూసినట్టయింది మీ పని.

ఫైళ్లను ఒక్కొక్కటిగా కూడాల్సిందే. దానికి ఓఎస్.లిస్ట్‌డిర్ పనికిరాదు. అది పైనున్న పేర్లే ఇస్తుంది. ‘స్నాతకం’, ‘తలంబ్రాలు’, ‘రిసెప్షన్’ అని మీరు విడివిడిగా పెట్టుకున్న ఫోల్డర్లలోకి దిగదు. ఓఎస్.వాక్ దిగుతుంది. లూప్ తిరిగిన ప్రతిసారీ మూడు చేతికిస్తుంది: ఇప్పుడున్న ఫోల్డరు, అందులోని ఫోల్డర్ల పేర్లు, ఫైళ్ల పేర్లు. సున్నాతో మొదలుపెట్టి ఒక్కో ఫైలు గెట్‌సైజ్‌ను కలుపుకుంటూ పోండి. ఉత్త ఫైలు పేరిస్తే మాత్రం ‘అలాంటి ఫైలు లేదు’ అని ఆగిపోతుంది. ఓఎస్.పాత్.జాయిన్‌తో పేరుకు ముందు ఫోల్డరు తగిలించాలి.

ఆల్బమ్‌కు ఎంపిక చేసిన ఫోటోలను సింబాలిక్ లింకులుగా, అంటే కాపీ చేయకుండా అసలు ఫైలు వైపు చూపే గుర్తులుగా, పెట్టే అలవాటుంటే వాటిని ఓఎస్.పాత్.ఇస్‌లింక్‌తో పట్టి వదిలేయండి. గెట్‌సైజ్ లింకు వెంట అసలు ఫైలు దాకా వెళ్తుంది కాబట్టి అదే ఫోటో రెండుసార్లు లెక్కకొస్తుంది. ఎప్పుడో ఒకసారికైతే ఈ శ్రమంతా ఎందుకు, టెర్మినల్‌లో ఫోల్డరు మొత్తం సైజు చెప్పే డీయూ కమాండ్ చాలు. మీకిది రోజువారీ పని, కోడే మేలు.

ఇక పెన్‌డ్రైవ్. అమ్మేవారు జీబీకి వంద కోట్ల బైట్లు లెక్కగట్టి 64 అని వేస్తారు. అంటే 6400 కోట్ల బైట్లు. దాన్నే మీరు 1024తో మూడుసార్లు భాగిస్తే 59.6 వస్తుంది. షాపువాడు మోసం చేశాడనుకోకండి. రెండు వైపులా బైట్లలోనే పోల్చండి, కాస్త ఖాళీ కూడా వదలండి. ప్రతి ఫైలూ తన చివరి బ్లాకు సగమే నిండినా మొత్తం ఆక్రమిస్తుంది.

ఇంత చేసినా ఒక్కోసారి కాపీ మధ్యలో ఆగిపోవచ్చు. పెన్‌డ్రైవ్ ఫ్యాట్32 అనే పాత ఫార్మాట్‌లో ఉంటే 4 జీబీ దాటిన ముహూర్తం వీడియో, ఎంత చోటున్నా ఎక్కదు. ఫోటోలు కాపీ చేయక ముందే ఎక్స్‌ఫ్యాట్‌లో ఫార్మాట్ చేసుకోండి.