రొట్టెల పండుగలో పిల్లల ఫొటోలు

ప్రశ్న: ఊరూరా తిరిగి పండుగలు, పుట్టినరోజులు ఫొటోలు తీస్తుంటానండీ. నెల్లూరు రొట్టెల పండుగలో చెరువు దగ్గర తీస్తే పిల్లల ముఖాలు నల్లగా వస్తున్నాయి. ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, కావలి

జవాబు: స్వర్ణాల చెరువు నీళ్ల మెరుపు చూసి కెమెరా వెలుతురు తగ్గించేస్తుంది. ఎక్స్‌పోజర్ ఒక స్టాప్ పెంచండి, అంటే ఫొటోకు అందే వెలుతురు రెట్టింపు చేయండి, లేదా స్పాట్ మీటరింగ్‌లో (ఒక చిన్న చోటి వెలుతురునే కొలిచే పద్ధతి) ముఖం మీదే కొలవండి, వెనక ఆకాశం తెల్లబడినా పర్వాలేదు. పిల్లలు నీళ్లు చిమ్ముతుంటే షట్టర్ వేగం 1/500 సెకను కంటే తగ్గనివ్వద్దు. వాళ్ల కళ్ల ఎత్తుకు వంగి తీయండి. ఇంకో మాట, ఇది మాత్రం గట్టిగా చెబుతున్నాను: అక్కడ కోరిక తీరినవాళ్లు రొట్టె ఇస్తారు, కోరుకునేవాళ్లు అందుకుంటారు, సంతానం కోసం వచ్చినవాళ్లు కన్నీళ్లతో నిలబడి ఉంటారు, అప్పుడు అడగకుండా క్లిక్ చేయొద్దు. పిల్లలనైతే అమ్మానాన్నలను అడిగే తీయండి, ఫొటో వాళ్లకు వాట్సాప్‌లో పంపండి.