పట్టు సడలించడం ఎలా? పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మా అమ్మాయి బెంగళూరులో ఉద్యోగంలో చేరి ఆర్నెల్లయింది. రోజుకు ఏడెనిమిది సార్లు ఫోన్ చేస్తాను. ఎత్తకపోతే వాట్సాప్‌లో లాస్ట్ సీన్ చూస్తాను, రూమ్మేట్‌కి చేస్తాను. పొద్దున పూజలో ‘నీదే భారం స్వామీ’ అని దండం పెట్టుకుంటాను. పది నిమిషాలకే ఫోన్ మళ్ళీ చేతిలో ఉంటుంది. నాకు భక్తి చాలదా?
– ఒక తల్లి, తణుకు

జవాబు: భక్తికి లోటేమీ లేదమ్మా. నోటితో భారం అప్పగించారు, చేతికి మాత్రం ఆ అలవాటు ఇంకా రాలేదు. దాన్ని విడిగా నేర్పాలి.

‘బాగానే ఉన్నానమ్మా’ అన్న మాట వినగానే గుండె కుదుటపడుతుంది. ఆ కుదుట ఎంతసేపు నిలుస్తుందో ఒకసారి గడియారం చూసి గమనించండి. కాసేపటికే కొత్త అనుమానం మొదలవుతుంది. ‘నేను ఫోన్ చేశాను కాబట్టే అది క్షేమంగా ఉంది’ అని మనసు ప్రతిసారీ పాఠం నేర్చుకుంటోంది. మీరు ఫోన్ చేయకపోయినా అమ్మాయి బాగానే ఉన్న రోజు ఎలా ఉంటుందో దానికి తెలియనే తెలియదు. ఆ రోజును మీరే దానికి చూపించాలి, కొంచెం కొంచెంగా.

మొదటి వారం ఏమీ మానకండి. ఒక చిన్న నోట్‌బుక్కులో రాయండి: ఎన్ని గంటలకు ఫోన్ చేయాలనిపించింది, ఏ ఆలోచన వచ్చింది, భయం పదికి ఎంత, మాట్లాడాక ఊరట ఎంతసేపు నిలిచింది. రెండో వారం, చేయాలనిపించిన ప్రతిసారీ పదిహేను నిమిషాలు ఆగండి. ఆగాక కూడా చేయాలనిపిస్తే చేయండి. ఆ తర్వాత అరగంట, గంట. భయం పదికి మూడు నాలుగు ఉన్న సందర్భాలతో మొదలుపెట్టండి. అమ్మాయి రాత్రి బస్సెక్కిన రోజును చివరికి ఉంచుకోండి. ఈలోగా అమ్మాయితో మాట్లాడి ఒక వేళ కుదుర్చుకోండి. ఆ వేళ ఎప్పుడో ఆమెనే చెప్పమనండి. ఏది అత్యవసరమో ఇద్దరూ ముందే అనుకోండి: జ్వరం, ఒంటరిగా రాత్రి ప్రయాణం, ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగాలేకపోవడం. మిగతావన్నీ ఆ వేళకే.

ఈ దారిలో మూడు చోట్ల తప్పు జరుగుతుంది. మీరు చేయడం మాని మీవారిని చేయమంటారు, అప్పుడు ఫోన్ మారిందే గానీ అలవాటు మారలేదు. లేదా ఫోన్ తగ్గించి లొకేషన్ షేరింగ్ పెట్టమంటారు. అది ఇంకా కష్టం, ఎందుకంటే ఇరవై నాలుగు గంటలూ చూసుకోవడానికి దారి దొరుకుతుంది. మూడోది, ఆపిన కొత్తలో భయం పెరుగుతుంది. అది చూసి ‘ఇది నాకు పడదు’ అని చాలామంది అక్కడే ఆగిపోతారు. పెరగడం సహజం. చేయకుండా కూర్చుంటే దానంతటదే దిగుతుంది. దిగడాన్ని కళ్ళారా చూడాలి, అందుకే ఆ అంకెలు రాయమన్నది.

పూజ దగ్గర ఒక పని చేయండి. గీత 18వ అధ్యాయం 14వ శ్లోకంలో ఏ పనికైనా అయిదు కారణాలు చెప్పారు: అధిష్ఠానం, కర్త, కరణం, చేష్ట, దైవం. మీ అమ్మాయి క్షేమం విషయంలో ఆ అయిదూ ఒక కాగితం మీద రాయండి. అధిష్ఠానం ఆమె శరీరం. కర్త ఆమె. కరణాలు ఆమె కళ్ళు, చెవులు, బుద్ధి. చేష్ట ఆమె జాగ్రత్త. అయిదోది దైవం. ఈ అయిదింటిలో మీరు ఎక్కడున్నారో వెతకండి. ఆమె బుద్ధిలో మీరు పెంచిన పెంపకం ఉంది, అది ఇప్పటికే ఇచ్చేశారు. తనొక్కరే కర్త అనుకునేవారు సరిగా చూడటం లేదని రెండు శ్లోకాల తర్వాత అదే అధ్యాయం చెబుతుంది. తల్లి మనసుకు ఇది కటువుగా తోచవచ్చు, కానీ ఇందులో పెద్ద ఊరట ఉంది.

ప్రశ్న: ఫలం ఆశించకు అంటే పని మీద శ్రద్ధ తగ్గిపోదా?
– ఒక ఉపాధ్యాయుడు, నల్లగొండ

జవాబు: ‘కర్మణ్యేవాధికారస్తే’ శ్లోకాన్ని చాలామంది సగంలో ఆపేస్తారు. చివరి పాదం ‘మా తే సంగోఽస్త్వకర్మణి’. పని మానేయడం మీద మమకారం పెంచుకోవద్దని అర్థం. మీ విషయంలో పాఠం సిద్ధం చేసుకోవడం, వెనకబడిన పిల్లవాడికి విడిగా ఇరవై నిమిషాలు ఇవ్వడం, పేపర్లు రేపటికి వాయిదా వేయకుండా దిద్దడం మీ అధికారంలో ఉన్నవి. పాస్ పర్సంటేజీ అందులో లేదు. దాన్ని గురించి నలిగిపోయే సమయాన్ని పాఠానికి ఇస్తే శ్రద్ధ పెరుగుతుంది.

ప్రశ్న: ముప్పై ఏళ్ళు ఎరువుల దుకాణం నడిపాను. రెండేళ్ళ క్రితం అబ్బాయికి అప్పగించాను. రోజూ వెళ్ళి కూర్చుంటాను. వాడు చేసే ప్రతి పనిలో తప్పు కనబడుతుంది, నోరు ఆగదు. ఇంట్లో మాటల్లేవు.
– ఒక తండ్రి, జనగామ జిల్లా

జవాబు: అయ్యా, దుకాణం అప్పగించారు, నిర్ణయాలు అప్పగించలేదు. ‘నువ్వే చూసుకో’ అన్న మాటకు హద్దులు లేకపోవడం వల్లే గొడవ. వాటిని కాగితం మీద పెట్టండి. ఏ మొత్తం వరకు సరుకు కొనుగోలు అబ్బాయి ఒక్కడే నిర్ణయిస్తాడు, ఎవరికి ఎంతవరకు అరువు ఇస్తాడు, పనివాళ్ళ జీతాలు ఎవరు తేలుస్తారు. ఆ మొత్తం దాటితేనే మిమ్మల్ని అడుగుతాడు. ప్రతి ఆరు నెలలకూ ఆ మొత్తం పెంచుతూ పోండి.

గల్లాపెట్టె వెనక మీ కుర్చీ తీసేయండి. ఇది చిన్న విషయంలా కనబడుతుంది గానీ, మీరు అక్కడ కూర్చున్నంతకాలం రైతులు ధర మిమ్మల్నే అడుగుతారు, అబ్బాయి మాటకు విలువుండదు. వారానికి ఒకసారి, ఇంట్లో, అరగంట లెక్కలు చూడండి. మిగతా రోజుల్లో కనబడ్డ తప్పులు రాసిపెట్టుకుని ఆ అరగంటలోనే చెప్పండి. వారం గడిచేసరికి ఆ పట్టీలో సగానికి చెప్పాల్సిన అవసరమే ఉండదు. తిరిగిరాని నష్టం తెచ్చేవి మాత్రం వెంటనే చెప్పాలి: లైసెన్సు గడువు, గడువు తీరిన పురుగుమందు అమ్మకం, పన్ను రిటర్నులు. మీ పద్ధతి కానిదంతా తప్పు కాదు.

ఖాళీ అయిన సమయం గురించి కూడా ఆలోచించండి. చేతికి పని లేకపోతే కాళ్ళు మళ్ళీ దుకాణం వైపే నడుస్తాయి. పొద్దున దుకాణం తీసే వేళకు మీకంటూ ఒక పని ఉండాలి: గుడిలో సేవ, పారాయణం, పొలం, మనవల్ని బడిలో దింపడం, ఏదైనా సరే.

ప్రశ్న: మా నాన్నగారు శరణాగతి చేశానంటూ షుగర్ మాత్రలు ఆపేశారు. ‘అన్నీ స్వామే చూసుకుంటాడు’ అంటారు. ఏమని చెప్పాలి?
– ఒక కుమార్తె, అనంతపురం

జవాబు: ముందుగా ఆలస్యం చేయకుండా డాక్టరు గారికి చూపించండి. మాత్రలు ఆపితే షుగర్ పెరిగి దాహం, మాటిమాటికీ మూత్రం, నీరసం వస్తాయి. కొందరిలో చాలాకాలం ఏ లక్షణమూ లేకుండానే కళ్ళు, మూత్రపిండాలు దెబ్బతింటాయి. ఇన్సులిన్ వాడుతూ ఆపేసి ఉంటే ఇవాళే తీసుకెళ్ళండి, అది ప్రాణం మీదికి రావచ్చు.

ఇక మాట. వైష్ణవ సంప్రదాయం శరణాగతికి ఆరు అంగాలు చెప్పింది. మొదటిది ఆనుకూల్య సంకల్పం, అంటే భగవంతునికి ఇష్టమైనది చేస్తాననుకోవడం. రెండోది ప్రాతికూల్య వర్జనం, ఆయనకు ఇష్టం కానిది మానడం. తర్వాత రక్షిస్తాడన్న విశ్వాసం, రక్షకుడిగా ఉండమని వేడుకోవడం, తనను తాను అప్పగించుకోవడం, దైన్యం. ఆయనదని అప్పగించిన శరీరాన్ని పాడుచేసే హక్కు మనకెక్కడిది? ఆ మాట నాన్నగారిని ప్రేమగా అడగండి. సంప్రదాయంలోనే కోతిపిల్ల, పిల్లికూన అని రెండు దారులున్నాయి. తల్లిని పట్టుకుని వేలాడేది ఒకటి, తల్లి నోట కరచుకుని మోసేది ఇంకొకటి. నోట కరచిన కూన కూడా గింజుకుని జారిపోకూడదు కదా. పోతన గజేంద్రుడు సైతం వెయ్యేళ్ళు మొసలితో పెనుగులాడి, శక్తి ఉడిగాకే ‘లావొక్కింతయు లేదు’ అన్నాడు. నాన్నగారికి ఇంకా మాత్ర వేసుకునే శక్తి ఉంది. దేవుడి ముందు పెట్టి, తీర్థంతో పాటు వేసుకోమనండి. ఈ పద్ధతికి చాలామంది పెద్దలు ఒప్పుకుంటారు. ఆహారానికి ముందా తర్వాతా అన్నది మాత్రం డాక్టరు చెప్పినట్టే.

ప్రశ్న: పడుకోగానే రేపటి పనులు, నెలాఖరు ఖర్చులు, అన్నీ వరస కడతాయి. ధ్యానం చేస్తే ఇంకా ఎక్కువవుతాయి.
– ఒక ఉద్యోగిని, హైదరాబాద్

జవాబు: ఆలోచనల్ని ఆపాలని కూర్చుంటే ధ్యానం కూడా అదుపు చేసే పనే అవుతుంది. సాయంత్రం, పడుకోవడానికి కనీసం రెండు గంటల ముందు, ఇరవై నిమిషాలు కేటాయించి చింతలన్నీ రాయండి. రేపు చేయగలిగిన వాటి పక్కన ఎన్ని గంటలకో వేయండి. ఏమీ చేయలేని వాటి పక్కన మీ ఇష్టదైవం పేరు రాయండి. రాత్రి అవే మళ్ళీ వస్తే ‘రాశాను, రేపు సాయంత్రం చూస్తాను’ అనుకోండి.

పక్క మీద చేయి పొట్టపై ఉంచి, నాలుగు లెక్కపెట్టేంత సేపు గాలి పీల్చి, ఆరు లెక్కపెట్టేంత సేపు వదలండి. అయిదు నిమిషాలు చాలు. బలవంతంగా లోతుగా పీలిస్తే తల తిరుగుతుంది. అప్పుడు లెక్క మాని మామూలుగా వదిలేయండి. ఇరవై నిమిషాలైనా నిద్ర రాలేదనిపిస్తే లేచి మసక వెలుతురులో కూర్చోండి, ఫోన్ ముట్టుకోవద్దు. రెండు వారాలు దాటినా తీరు మారక, తిండి, పని దెబ్బతింటుంటే మానసిక వైద్యుల్ని కలవండి. కేంద్ర ప్రభుత్వం నడిపే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనూ మాట్లాడతారు.