పసుప్పూల నాచు చేపపిల్లల్ని తినేస్తుందా?

ప్రశ్న: మాది అమలాపురం దగ్గర పల్లెటూరండి. మా వరిచేను పక్క గుంటలో ఒక నాచు పెరిగింది, నీళ్ళపైకి కాడలేసి పసుప్పచ్చ పూలు పూస్తోంది, తీసి చూస్తే సన్నటి ఆకులకి ఆవగింజల్లా నల్లగా ఏవో ఉన్నాయి. ఇది పురుగుల్ని తినే మొక్క అంటున్నాడు మా అబ్బాయి. పక్కనే చేపల చెరువు, సీడు వదలాలి. మందు కొట్టించెయ్యమంటారా?

జవాబు: మందు జోలికి పోకండి. మీవాడు చెప్పింది నిజమే, మీరు రాసినదాన్నిబట్టి అది యుట్రిక్యులేరియా. పూకాడ చుట్టూరా ఉబ్బిన తేలికపాటి బుడ్డలుంటే స్టెల్లారిస్ అనే రకం అయ్యుండొచ్చు. దీనికి వేర్లే ఉండవు. ఆ ఆవగింజలున్నాయే, అవి తిత్తులు, మొక్క వాటిలోని నీళ్ళని బయటికి తోడేస్తూ ఉంటుంది కాబట్టి గోడలు లోపలికి సొట్టపడి బిగుసుకుని ఉంటాయి, మూతి దగ్గర తలుపు, దానికి సన్నటి వెంట్రుకలు, ఏ నీటిపురుగో వాటికి తగిలిందంటే తలుపు తెరుచుకోడానికి సెకనులో వెయ్యోవంతు కూడా పట్టదు, నీళ్ళతో పాటు పురుగూ లోపలికి పోతుంది. అరగంటలోపు మళ్ళీ తోడేసుకుని రెడీ! డార్విన్ అంతటివాడు 1875లో పురుగే తోసుకుని లోపలికి దూరుతుందని రాశాడు, తిత్తి పీల్చుకుంటుందని ఆయనకీ తట్టలేదు.

ఇక చేపలంటారా, తిత్తి ఎంత పెద్దదైనా కొన్ని మిల్లీమీటర్లే. అప్పుడే గుడ్డులోంచొచ్చిన పిల్ల తోక ఇరుక్కోవచ్చేమో గానీ మీరు వదిలే వేలెడంత బొచ్చె, శీలావతి పిల్లల్ని ఏం చేస్తుంది? అసలు మీ చెరువులో అది బతకడమే కష్టం. నత్రజని, భాస్వరం తక్కువున్న నీళ్ళలో పురుగుల్ని పట్టి ఆ లోటు తీర్చుకునే మొక్క అది, పేడా మేతా పడి పచ్చబడ్డ నీళ్ళలో పాచి కమ్మేసి వెలుతురందక పోతుంది. మీ గుంటలో పూస్తోందంటే చేలో వేసిన యూరియా అటు పెద్దగా దిగట్లేదనుకోవచ్చు, డెల్టాలో అలాంటి గుంట మిగలడమే గొప్ప నన్నడిగితే. అయినా తెగిన ముక్క కూడా మొలుస్తుంది కాబట్టి చెరువుకి నీళ్ళు పెట్టేప్పుడు తూముకి సన్న వల కట్టండి. భయపడాల్సింది గుర్రపుడెక్కని చూసి, బోదెలో కనిపిస్తే వెంటనే పీకించండి.

ప్రశ్న: ఇదే మొక్కని తొట్టిలో వేస్తే దోమలు పోతాయా? (తణుకు నుంచి)

జవాబు: చిన్న లార్వాల్ని తింటుంది, కాస్త ఎదిగినవి ఆ తిత్తిలో పట్టవు. తొట్టి వారానికోసారి ఖాళీ చేసి గోడలు రుద్ది కడగండి, దాంతోనే పోతాయి.