మీరు అడిగారు: కొత్తరకం షార్ట్ ఫిల్మ్స్ ఎక్కడ దొరుకుతాయి?

పోయిన సంచికలో ‘ఫాదర్ అండ్ డాటర్’ అనే 8 నిమిషాల యానిమేషన్ గురించి నాలుగు మాటలు రాశాను. 2000లో మైకేల్ డుడోక్ డి విట్ తీసింది. తండ్రి పడవెక్కి వెళ్లిపోతాడు, కూతురు సైకిల్ తొక్కుకుంటూ అదే గట్టుకు ఏళ్ల తరబడి వస్తూనే ఉంటుంది, పెద్దదవుతుంది, ముసలిదవుతుంది, సినిమా మొత్తంలో ఒక్క మాట కూడా ఉండదు. అది చూసి చాలామంది ఉత్తరాలు రాశారు. ఎక్కువమంది అడిగినవాటికి ఈసారి జవాబులు.

మీరు చెప్పిన సినిమా చూసి చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను. అలాంటివి ఇంకా చూద్దామని ‘బెస్ట్ షార్ట్ ఫిల్మ్స్’ అని వెతికితే వందలకొద్దీ వచ్చాయి కానీ అన్నీ ఒకే మూసలో ఉన్నాయి. సొంతంగా, కొత్తగా తీసేవాళ్లను ఎలా పట్టుకోవాలి? – ఒక డిగ్రీ విద్యార్థి

చిక్కంతా మీరు కొట్టిన ఆ మాటలోనే ఉంది. ‘బెస్ట్’ అని వెతికితే ఇప్పటికే లక్షలమంది చూసినవి పైకొస్తాయి, మీరు వాటిలో ఒకటి చూడగానే దానిలాంటివే మరో పది వస్తాయి, ఇక అక్కడే తిరుగుతూ ఉంటారు. అందుకే ఎవరో ఒక మనిషి కూర్చుని, చూసి, ఏరి పెట్టిన చోటికి వెళ్లండి. విమియో అనే వీడియోల సైట్‌లో ‘స్టాఫ్ పిక్స్’ అని ఉంటుంది, అక్కడి ఉద్యోగులు చూసి నచ్చినవి ఎంచి పెడతారు. ‘షార్ట్ ఆఫ్ ది వీక్’ అనే సైట్ కూడా అంతే, పైగా ఒక్కో సినిమా తమకు ఎందుకు నచ్చిందో కాస్త రాస్తారు కూడా. నా మటుకు నేను ముందు తలుపు తట్టేది నేషనల్ ఫిల్మ్ బోర్డ్ ఆఫ్ కెనడాది. 1939లో మొదలైన ప్రభుత్వ సంస్థ అది, ఎన్నో దశాబ్దాలుగా యానిమేషన్ కళాకారులకు డబ్బు, చోటు, సమయం ఇచ్చి నీకు తోచింది తియ్యి అన్న సంస్థ, ఆ సినిమాల్లో చాలావాటిని తన సైట్‌లో ఉచితంగా పెట్టింది.

ఇక ఫెస్టివల్స్ ఉన్నాయి. యానిమేషన్‌కు ఫ్రాన్స్‌లోని ఆన్సీ (1960 నుంచి జరుగుతోంది), కెనడాలో ఒట్టావా, క్రొయేషియాలో జాగ్రెబ్ పెద్దవి, అన్నిరకాల షార్ట్ ఫిల్మ్స్‌కు ఫ్రాన్స్‌లోనే క్లెర్మాన్ ఫెరాన్. అయితే ఈ ఏడాది జాబితా చూసి వెతికితే నిరాశే మిగులుతుంది. ముందుగా ఆన్‌లైన్‌లో పెట్టేసిన సినిమాను కొన్ని ఫెస్టివల్స్ తీసుకోవు, కాబట్టి తీసినవాళ్లు ఏడాదో రెండేళ్లో దాన్ని ఊరూరా తిప్పి, ఆ తర్వాతే అందరికీ తెరుస్తారు. మూడు నాలుగేళ్ల కిందటి జాబితా ముందు పెట్టుకుని ఒక్కో పేరూ కొట్టి చూడండి, చాలావరకు దొరుకుతాయి. అరగంట ఓపిక పడితే వారానికి సరిపడా సరుకు చేతికొస్తుంది.

అన్నిటికంటే ముఖ్యమైంది, నచ్చిన సినిమా అయిపోగానే ట్యాబ్ మూసేయకండి. చివర్లో పేర్లు పడతాయి చూడండి, అక్కడ ఆగండి. దర్శకుడి పేరు, బొమ్మలు వేసినవాళ్ల పేరు, సౌండ్ చేసినవాళ్ల పేరు ఒక నోట్సులో రాసుకోండి. తీగ లాగితే డొంకంతా కదిలినట్టు ఒక్క పేరు పట్టుకుంటే వాళ్ల పాత సినిమాలు, వాళ్ల స్నేహితుల సినిమాలు, వాళ్లకు చదువు చెప్పినవాళ్ల సినిమాలు అన్నీ బయటికొస్తాయి. ‘ఫ్లో’ సంగతే తీసుకోండి, 2024లో వచ్చిన ఆ లాట్వియా యానిమేషన్‌కు 2025లో ఆస్కార్ రావడంతో అందరికీ తెలిసింది. మాటలు లేవు, వరదలో చిక్కుకున్న ఒక పిల్లి, అంతే. బ్లెండర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో తీశారు. దర్శకుడు గింట్స్ జిల్బలోడిస్ పేరు పట్టుకుని వెనక్కి వెళ్తే 2019లో ‘అవే’ కనిపిస్తుంది, దాన్ని బొమ్మల నుంచి సంగీతం దాకా ఆయనొక్కడే చేశాడు. ఇంకా వెనక్కి వెళ్తే 2012లో తీసిన ‘ఆక్వా’ అనే చిన్న సినిమా. అందులోనూ నీళ్లంటే భయపడే ఒక పిల్లి! ఆ భయాన్ని అన్నేళ్లు మనసులో పెట్టుకుని, దాన్నే ‘ఫ్లో’ అనే పెద్ద సినిమాగా పెంచాడన్నమాట. ఆ రెండూ ఒకదాని వెంట ఒకటి చూసినప్పుడు నాకు కలిగిన ఆనందం ఇంతా అంతా కాదు.

రెండు మూడు నిమిషాల్లో ఏం కథ చెప్పగలరు? అవి సరదా వీడియోలే కదా, సినిమా అని ఎందుకంటారు? – ఒక రిటైర్డ్ ఉద్యోగి

మీ సందేహం సబబే, కానీ ఒక్కటి చూశాక మాట్లాడుకుందాం. పెస్ అనే పేరుతో తీసే ఒక దర్శకుడి ‘ఫ్రెష్ గ్వాకమోలే’ (గ్వాకమోలే అంటే అవకాడో పచ్చడి) ఉంది, 2012 నాటిది, నిడివి రెండు నిమిషాల లోపే. ఆస్కార్‌కు నామినేట్ అయిన సినిమాల్లోకెల్లా పొట్టిదని దానికి పేరు. రెండు చేతులు వంట చేస్తుంటాయి. కానీ కత్తి కింద ఉన్న పండు నిజానికి ఒక హ్యాండ్ గ్రెనేడ్. ఉల్లిపాయ ఉండాల్సిన చోట బేస్‌బాల్, దాన్ని తరుగుతుంటే ముక్కలు రాలడానికి బదులు చిన్న చిన్న పాచికలు రాలతాయి! నంజుకోవడానికి పేకాటలో వాడే బిళ్లలు. ఇందులో గ్రాఫిక్స్ లేవు, వస్తువును కాస్త కదపడం, ఒక ఫొటో తీయడం, మళ్లీ కదపడం, మళ్లీ ఫొటో. తెగుతున్న చప్పుడు మాత్రం నిజం కూరగాయ తెగినట్టే వినిపిస్తుంది, కాబట్టి కన్ను ఒకటి చెబితే చెవి ఇంకోటి చెబుతుంది, మనసు ఆ రెంటి మధ్యా ఊగుతుంది. ఆ ఊగిసలాట కోసం కథ అక్కర్లేదు.

కథ కావాలంటే ‘బీడ్ గేమ్’ చూడండి. గుజరాత్‌లో పుట్టి కెనడా వెళ్లిన ఇషు పటేల్ 1977లో తీశారు. నల్లటి నేల మీద వేలకొద్దీ రంగురంగుల పూసలు. అవి ఒక జీవిగా మారతాయి, దాన్ని మరొకటి మింగుతుంది, మింగింది ఇంకో రూపం ఎత్తుతుంది, అలా ఒకదాన్నొకటి తింటూ పోతూనే ఉంటాయి. నేను మొదటిసారి రంగులు చూసి మురిసిపోయాను. రెండోసారి చూస్తే అది మనుషుల గొడవల గురించి అని అర్థమై ఒళ్లు జలదరించింది. పొట్టి సినిమాతో ఇదొక సుఖం, రెండోసారి చూడ్డానికి పెద్దగా టైమ్ పట్టదు. నిజానికి రెండోసారి చూడాల్సిందే.

నటులతో తీసినవాటిలో అయితే క్రిస్ మార్కర్ 1962లో తీసిన ‘లా జెటె’. 28 నిమిషాలు, దాదాపు మొత్తం కదలని ఫొటోలే, వాటి మీద ఒక గొంతు కథ చెబుతూ ఉంటుంది. మధ్యలో ఒకే ఒక్క చోట, కొన్ని క్షణాలు, నిద్రలో ఉన్న ఒకావిడ కళ్లు తెరుస్తుంది. అప్పటిదాకా ఫొటోలకే అలవాటుపడిన మనకు ఆ రెప్పలు కదలడం ఎంత పెద్ద సంఘటనో చూస్తేనే తెలుస్తుంది.

ఇంగ్లిష్ అంతగా రాదు. ఇవి చూసి అర్థం చేసుకోగలనా? – ఒక గృహిణి

హాయిగా చూడండమ్మా. పైన చెప్పినవాటిలో ఎక్కువ భాగం మాటల్లేని సినిమాలే. సొంతంగా తీసేవాళ్లు మాటలు తగ్గించేదే ఏ దేశంలో ఎవరు చూసినా అర్థం కావాలని. హెడ్‌ఫోన్స్ మాత్రం పెట్టుకోండి, మాటలు లేనిచోట సగం కథ చప్పుడులోనే ఉంటుంది.

మా పిల్లలకు ఆరేళ్లు, తొమ్మిదేళ్లు. యానిమేషనే కదా అని వాళ్లకు ఇచ్చేయవచ్చా? – ఒక తల్లి

ముందు మీరు చూడకుండా ఇవ్వకండి. ఈ విషయంలో నేను గట్టిగానే చెబుతాను. నార్మన్ మెక్‌లారెన్ తీసిన ‘నైబర్స్’ (1952) మొదటి నిమిషాలు పిల్లలకు భలే నచ్చుతాయి. నిజం మనుషులనే బొమ్మల్లా ఒక్కో ఫ్రేమూ కదిపి తీశాడాయన, గాల్లోకి ఎగిరిన క్షణంలోనే ఫొటో, మళ్లీ ఎగిరితే మళ్లీ ఫొటో, అలా కలిపేసరికి ఇద్దరు పెద్దమనుషులు గడ్డి మీద నేలకు ఆనకుండా తేలిపోతుంటారు. ఆ ఇద్దరి ఇళ్ల మధ్య ఒక పువ్వు పూస్తుంది. ఆ పువ్వు నాదంటే నాదని మొదలైన గొడవ చంపుకునేదాకా వెళ్తుంది, అందులో చిన్నపిల్లలు చూడకూడని దెబ్బలున్నాయి. గొప్ప సినిమా, ఆస్కార్ కూడా వచ్చింది, కానీ ఆరేళ్ల పిల్లకు కాదు. ‘ఫాదర్ అండ్ డాటర్’ మీరు పక్కన కూర్చుంటే చూపించవచ్చు. నాన్న ఎందుకు రాలేదని అడుగుతారు, మీకు తోచింది చెప్పండి.

నాకు నచ్చిన యానిమేషన్ దర్శకులు మూడు నాలుగేళ్లకు ఒక్క చిన్న సినిమా తీస్తారు. అంత ఆలస్యం ఎందుకు? వాళ్లకు మనం ఏమైనా చేయగలమా? – ఒక పాఠకుడు

లెక్క కట్టి చూడండి. తెర మీద సెకనుకు 24 ఫ్రేములు, అంటే 24 విడి ఫొటోలు. ఒక్కో బొమ్మను రెండేసి ఫ్రేములు నిలిపినా సెకనుకు 12 బొమ్మలు, నిమిషానికి 720. పది నిమిషాల సినిమాకు 7,200. అలెగ్జాండర్ పెట్రోవ్ 20 నిమిషాల ‘ది ఓల్డ్ మ్యాన్ అండ్ ది సీ’ (1999) కోసం గాజు మీద వేసినవి 29 వేలకు పైగా. వేళ్లతో రంగు పూసి, ఫొటో తీసి, ఆ తడి రంగునే కాస్త జరిపి తర్వాతి బొమ్మగా మార్చాలి, అంటే వేసిన బొమ్మ ఫొటోలో తప్ప ఇంకెక్కడా మిగలదు. పొరపాటు జరిగితే వెనక్కి వెళ్లడం ఉండదు. ఇలా పనిచేసే మనిషిని తర్వాతి సినిమా ఎప్పుడని నేనైతే అడగలేను.

మనం చేయగలిగింది ఉంది. వాళ్లు డబ్బుకు అమ్మితే కొనండి, ఉచితంగా పెడితే వాళ్ల సొంత పేజీలోనే చూడండి, ఎవరికైనా పంపితే పేరుతో సహా పంపండి. చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకునేవాళ్లు ఇక్కడ చాలామంది ఉన్నారు. కొన్ని ఛానెల్స్ అయితే చెట్టు పేరు కూడా చెప్పవు, చివర్లో పేర్లు కత్తిరించి, ‘కన్నీళ్లు తెప్పించే వీడియో’ అని ఏదో హెడ్డింగ్ పెట్టి తమదన్నట్టు వదులుతాయి.

నేను చాలాకాలం కిందట అలాంటి ఛానెల్‌లోనే ఒక ఇసుక యానిమేషన్ చూశాను. వెలుగుతున్న గాజు పలక మీద ఇసుకను వేళ్లతో జరుపుతూ తీసింది, తెలుపు నలుపుల్లో. ఒక గుడ్లగూబ ఒక బాతును పెళ్లాడుతుంది. పిల్లలు పుడతాయి, ఆ పిల్లలన్నీ తల్లితో ఈదుతాయి, ఎగురుతాయి, పాపం గుడ్లగూబకు ఈత రాదు. అయినా వాటి వెంటే వెళ్లాలని చూస్తుంది. చివరికి నీళ్లలో మెల్లగా కిందికి దిగిపోతుంది, పైన ఇంకేమీ ఉండదు. పేరు లేదు, తీసిందెవరో లేదు. రెండు మూడేళ్లు తెలిసినవాళ్లందరినీ అడిగాను, ‘గుడ్లగూబ, ఇసుక’ అని ఎన్నిసార్లు వెతికానో లెక్కలేదు. ఒక రాత్రి నిద్రపట్టక కెనడా ఫిల్మ్ బోర్డ్ సైట్ తిరగేస్తుంటే అదే గుడ్లగూబ! ‘ది ఔల్ హూ మ్యారీడ్ ఎ గూస్’, 1974, కరొలైన్ లీఫ్. ఆవిడ పేరు కొడితే పక్కనే ‘ది స్ట్రీట్’ కనిపించింది, 1976లో గాజు మీద రంగులు పూసి తీసింది, ఒక ముసలమ్మ చావుకోసం ఎదురుచూసే ఇంట్లో పిల్లాడి కథ. అది రెండుసార్లు చూశాకే లేచి దీపం ఆర్పాను.